తాటాకు రాని నెలలు

మొన్న బడి నుంచి వస్తూనే మా మనవరాలు సంచీ మంచం మీద పడేసి, ఒక కాగితం నా ఒళ్ళో పెట్టింది.

"మామ్మా, సైన్ కరో నా. పప్పా డ్యూటీలో ఉన్నాడు. మమ్మీ వచ్చేసరికి లేటవుతుంది. మేడమ్ కల్ హీ కావాలంది."

"ఏటే ఇది?"

"హెల్త్ క్లాస్. ఇంక హర్ శనివార్. తొమ్మిదో క్లాసువాళ్ళందరికీ. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటేనే కూర్చోనిస్తారట."

"ఒప్పుకోడానికి అందులో అంత ఏటి సెప్తారు?"

"అదే నాకూ తెలీదు! ఒకతేమో అందరి ముందూ బరువు తూస్తారంటోంది. ఇంకొకతేమో బొమ్మలు చూపిస్తారు, సిగ్గుతో చచ్చిపోతాం అంటోంది. ప్రశ్నలు రాసి వెయ్యడానికి ఒక డబ్బా పెడతారట. పేరు రాయక్కర్లేదట. నువ్వు చెప్పు మామ్మా, క్యా హోతా హై?"

డబ్బా అనగానే కాగితం పక్కన పెట్టాను.

"పేరు రాయకపోయినా తెలిసిపోద్దే," అన్నాను.

"కైసే?"

ఇంక ఆ పిల్ల వదల్లేదు. ఆ పూట దానికి చెప్పిందే ఇప్పుడు మళ్ళీ చెబుతుంటే, కింది వాటాలో ఉండే బ్యాంకు ఆవిడ రాసిపెడుతోంది. నా చదువు అంతంత మాత్రం. ఆయన పోయాక బిలాస్‌పూర్‌లోనే తోర్వా పేటలో ఈ కొడుకు ఇంటికి వచ్చి ఉంటున్నాను. నా మాట గరుకు. ఆవిడ దాన్ని కాస్త దువ్వుతోంది.

నా చిన్నప్పుడు మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇంజన్లకి బొగ్గు వేసే ఫైర్‌మన్. బొగ్గు ఇంజన్ల కాలం. మా క్వార్టరు షెడ్డుకి ఎంత దగ్గరంటే, తీగ మీద ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి బూడిద రంగులోకి వచ్చేసేది. పొద్దున లేస్తే ముందు బొగ్గు వాసన, ఆ వెనక ఇంజన్ నూనె వాసన, ఆ తరవాత వరసగా అన్ని క్వార్టర్ల ముందూ రాజేసిన సిగిడీ కుంపట్ల పొగ. ఆ పొగలో మేం చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తిని బడికి పోయేవాళ్ళం. ఎదుటి లైన్లో ఛత్తీస్‌గఢీ వాళ్ళు అదే అన్నాన్ని బాసీ అనేవారు. మా నాన్నగారి అమ్మ, మా మామ్మ, వాళ్ళని చూసి, "పేరు మారింది గానీ కుండ అదే," అనేది. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళైనా హిందీ ముక్క నేర్చుకోలేదు. నేర్చుకోనని పట్టు.

ఆవిడకి ఇంకో పట్టు ఉండేది. అదే ఈ కథంతా నడిపింది.

మా వాళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే పచ్చి తాటాకు చాప మీద కూర్చోబెట్టాలి. ఆ ఆకు మా ఊరి ఆకే అయి ఉండాలి. ఇక్కడ దొరికే ఆకు పనికిరాదని మామ్మ. అందుకని ఊరికి కబురు వెళ్ళేది. అటు నుంచి వచ్చే బండిలో, గార్డు ఉండే వెనక పెట్టెలో, ఆకు వచ్చేది. గార్డు పెట్టె గుమ్మంలో పచ్చగా కనిపిస్తే చాలు, ప్లాట్‌ఫారం మీద కూలీలతో సహా అందరూ, "ఎవరింట్లో?" అని అడిగేవారు. ఆకు దిగిందంటే దండోరా వేసినట్టే. పదకొండు రోజులు చాప, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, పాటలు, ఆఖరున స్నానం, కొత్త ఓణీ. ఆ మర్నాటి నుంచి బడి లేదు.

మా అప్పకి, అంటే మా అక్కకి, ఆరో క్లాసులో ఆకు దిగింది. బాగా చదివేది. దాని పుస్తకాల సంచీ వంటింట్లో మేకుకి తగిలించారు. కొన్నాళ్ళకి అమ్మ అందులో ఎండుమిరపకాయలు పోసింది. నేను బడికి వెళ్ళే ముందు చద్దన్నానికి మిరపకాయ కావాలంటే ఆ సంచీలో చెయ్యి పెట్టాల్సిందే. పెట్టినప్పుడల్లా అప్ప అటు తిరిగిపోయేది.

నేను ఏడో క్లాసుకి వచ్చిన ఏడు చలికాలంలో ఒక రోజు, మా ఆడపిల్లల హైస్కూల్లో పెద్ద బెహన్‌జీ, అంటే హెడ్మాస్టరమ్మ, వచ్చి చెప్పింది. రైల్వే ఆసుపత్రి నుంచి సిస్టర్ వస్తుందట. నాలుగు శనివారాలు మధ్యాహ్నం ఆరోగ్యం క్లాసు చెబుతుందట. ఇంట్లో పెద్దవాళ్ళ సంతకం తెమ్మని తలా ఒక కాగితం ఇచ్చింది.

ఇంక చూడండి పుకార్లు. గతౌరా నుంచి ప్యాసింజర్లో వచ్చే పిల్లలు, ఆసుపత్రి అల్మారాలోంచి మనిషి ఎముకల గూడు తెచ్చి నిలబెడతారన్నారు. నా బెంచీలో పక్క క్వార్టరు పిల్ల కూర్చునేది. క్లాసులో తెలుగువాళ్ళం మేం ఇద్దరమే. అది జేబులో పచ్చి బియ్యం పోసుకుని రోజంతా నములుతూ ఉండేది. అది నా చెవిలో, "ఒలే, అందరికీ సూది పొడిసి రగతం తీసి సీసాల్లో నింపుతారట. రగతం ఎర్రగా లేకపోతే పేరు కొట్టీసి ఇంటికి పంపీస్తారట," అంది.

ఇంట్లో అడిగితే అమ్మ, "ఏటి సెప్తారు, గోళ్ళు కత్తిరించుకోమంటారు," అని తేల్చేసింది. మామ్మ, "ఒళ్ళు గురించి బడిలో సెప్పడమేటి? ఒళ్ళు ఉన్నోళ్ళకి తెలీదా?" అంది. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు.

నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతులింకా కడుక్కోలేదు. కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయనకి చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏటి సెప్తారే?"

"తెలీదు నాన్నా. అందుకే ఎల్తానంటన్నాను."

అది ఆయనకి నచ్చినట్టుంది. సిరా అడగలేదు. బొగ్గూ నూనే పట్టిన బొటనవేలు కాగితం మీద నొక్కాడు. అంత నల్లటి ముద్ర మా క్లాసులో ఇంకెవరిదీ లేదు.

మొదటి శనివారం సిస్టరమ్మ వచ్చింది. కేరళ మనిషి, పొట్టిగా ఉండేది. హిందీ మాట్లాడితే మాట చివర సాగేది. సూదులూ లేవు, ఎముకలూ లేవు. చంకలో ఒక బొమ్మల చుట్ట ఉంది. గోడకి తగిలించి ఒక్కో బొమ్మా తిప్పుతూ చెప్పింది. పళ్ళు, గోళ్ళు, పేలు. మేం ఆవలిస్తున్నాం. అంతలో ఊపిరితిత్తుల బొమ్మ తిప్పింది. గులాబీ రంగులో రెండు పెద్ద ఆకుల్లా ఉన్నాయి. గుండెల మీద చెయ్యి పెట్టుకుని గాలి పీల్చమంది. నలభై మంది ఒకేసారి పీల్చాం. అప్పటిదాకా నేను పీలుస్తున్నానన్న సంగతే నాకు తెలీదు.

చుట్టలో ఆఖరి బొమ్మ మాత్రం తిప్పలేదు. దాన్ని సగానికి మడిచి పిన్నీసుతో బిగించి ఉంచారు.

"సిస్టర్‌జీ, అదేమిటి?" అని ఎవరో అడిగారు.

"అది నాలుగో శనివారం," అంది. చుట్ట చుట్టేసింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న అరుగు మీద ఉన్నాడు. "ఈ వేళ ఏటి సెప్పారు?" అన్నాడు. నేను ఆయన చేత కూడా గుండెల మీద చెయ్యి పెట్టించి గాలి పీల్పించాను. పీలిస్తే దగ్గొచ్చింది. దగ్గితే నల్లగా పడింది.

"మరి బొగ్గు లోపలికి ఎల్తే ఆ ఆకులేటవుతాయట?"

"అది సెప్పలేదు."

"అడుగు," అన్నాడు.

ఆ బుధవారం పొద్దున్న కుళాయి దగ్గర నీళ్ళు పడుతుంటే నాకు మొదటి ముట్టు వచ్చింది. ఏమిటో తెలుసు. అప్పని చూశాను కదా. భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ముందు గుర్తొచ్చింది మాత్రం మేకుకున్న మిరపకాయల సంచీ. ఆ వెంటనే పిన్నీసు పెట్టిన బొమ్మ. చెబితే ఊరికి కబురు పోతుంది, ఆకు దిగుతుంది, నాలుగో శనివారం ఎవరో చూస్తారు, నేను చూడను.

చెప్పలేదు.

పాత చీర ముక్కలు తీయడానికి లేదు. అమ్మవీ అప్పవీ ఎన్ని ఉన్నాయో అమ్మకి లెక్క తెలుసు. ఇంట్లో నా చేతికి అందేది ఇంకొకటి ఉంది. షెడ్డులో ఇంజన్ తుడవడానికి దారాల చిక్కు ఇచ్చేవారు. మిల్లుల్లో మిగిలిన నూలు, తెలుపూ ఎరుపూ నీలం కలిసి ఉండేది. దాన్ని మేం వేస్టు అనేవాళ్ళం. నాన్న మిగిలిన గుప్పెడు ఇంటికి తెచ్చేవాడు. అమ్మ దాంతో సిగిడీ రాజేసేది, గిన్నెలు తోమేది, మామ్మ దిండులో కూరింది. మా ఇంట్లో వేస్టు చెయ్యని పని లేదు. అందులోంచి తెల్లగా, మెత్తగా ఉన్న దారాలు ఏరి వాడుకున్నాను. తెలివైన పని చేశానని లోలోపల గర్వం కూడా.

శుక్రవారానికి మంట మొదలైంది. ఆ దారాల్లో కంటికి కనపడని ఇనపరజను ఉంటుందనీ, తెల్లగా ఉన్నా నూనె అంటుకునే ఉంటుందనీ నాకేం తెలుసు? కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే అమ్మ, "సెగ్గడ్డేటే?" అంది. "అవును," అన్నాను. పసుపు రాస్తాను రమ్మంటే పారిపోయాను.

రెండో శనివారం సిస్టరమ్మ రేకు టిఫిను డబ్బా ఒకటి బల్ల మీద పెట్టింది. అడగడానికి సిగ్గైతే చీటీ రాసి అందులో వెయ్యండి, పేరు వద్దు, అంది. అందరం చేతులు అడ్డం పెట్టుకుని రాశాం. నేను ఐదో క్లాసు దాకా తెలుగు బడిలో చదివాను. హిందీ అక్షరాలకి పైగీత నాకింకా సరిగ్గా కుదిరేది కాదు. అంత మంటలో హిందీ ఎక్కడ రాస్తాను? తెలుగులో రాసేశాను.

'షెడ్డు వేస్టు పెట్టుకున్నాను. మండుతోంది. ఇంట్లో చెబితే తాటాకు తెప్పించి బడి మాన్పిస్తారు. ఆఖరి బొమ్మ చూసేదాకా ఏం చెయ్యాలి?'

డబ్బాలో వేశాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. పేరు రాయకపోతే ఏం? క్లాసులో తెలుగు రాసేది ఎవరు?

సిస్టరమ్మ ఒక్కో చీటీ తీసి చదివి జవాబు చెబుతోంది. నాది తీసింది. కళ్ళ దగ్గర పెట్టుకుంది, దూరం పెట్టింది. "ఇది తెలుగా? ఎవరికొచ్చు?" అంది హిందీలో. ముప్పై ఎనిమిది తలలు మా బెంచీ వైపు తిరిగాయి. సిస్టరమ్మ వేలు నా పక్కదాన్ని చూపించింది.

అది లేచి వెళ్ళింది. చీటీ అందుకుంది. దాని కళ్ళు మొదటి లైను మీద నడిచాయి, రెండో లైను మీద ఆగాయి, మళ్ళీ మొదటికొచ్చాయి. నా వైపు చూడలేదు. చూస్తే అయిపోయేదాన్ని.

"సిస్టర్‌జీ," అంది గట్టిగా, "పచ్చి బియ్యం తింటే కడుపులో పురుగులు పుడతాయా అని అడిగారు."

క్లాసంతా ఘొల్లుమంది. పచ్చి బియ్యం ఎవరు తింటారో అందరికీ తెలుసు. అది చెవులదాకా ఎర్రబడి అక్కడే నిలబడింది.

సిస్టరమ్మ నవ్వలేదు. "ఇంత చిన్న ప్రశ్నకి ఇన్ని లైన్లా?" అంది. చీటీ మడిచి తన జేబులో పెట్టుకుంది. పచ్చి బియ్యం ఎందుకు తినాలనిపిస్తుందో, రక్తం తక్కువైతే అలా ఉంటుందో ఏమిటో, జవాబు మాత్రం పూర్తిగా చెప్పింది. నా పక్కది ఆ జవాబు నోరు తెరుచుకుని వింది.

దారిలో మాత్రం నన్ను దులిపేసింది. "సచ్చినదానా! వేస్టేటే? నీకు మతి పోనాదా? బేగి మీ అమ్మకి సెప్పు."

"సెప్తే బడి పోద్ది."

"సెప్పకపోతే నువ్వే పోతావు!"

ఆదివారం సాయంత్రానికి జ్వరం వచ్చింది. సోమవారం మధ్యాహ్నం మా లైను చివరి క్వార్టరులో ఉండే ఆయమ్మ వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. తెలుగు చదువుతుంది. సిస్టరమ్మ ఆ చీటీ చదివించుకోవడానికి ఆవిడ దగ్గరికే వెళ్ళిందని నాకు తరవాత తెలిసింది.

"వదినా, కాసింత కరేపాకుంటే ఇస్తావా?" అంటూ వంటింట్లోకి వెళ్ళింది. గుసగుసలు. ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు. అమ్మ వచ్చి నా దుప్పటి లాగేసింది.

"ఒలే, ఇంజను తుడిసేదేటే అది! నువ్వేటి ఇంజనువా?"

తిడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, నీళ్ళు కాచి తుడుస్తూనే ఉంది. ఆమెకి కోపం నేను దాచినందుకు కాదు. చీర ముక్క అడగనందుకు.

సాయంత్రం సిస్టరమ్మే మా ఇంటికి వచ్చింది. తెల్ల బట్టలతో ఆ మసి లైన్లోకి వస్తే వీధంతా తలుపుల్లో నిలబడింది. మాత్రలు ఇచ్చింది, నీళ్ళలో వేసే ఊదారంగు పొడి ఇచ్చింది. తరవాత, "ఇంట్లో ఈ గుడ్డలు ఎక్కడ ఆరేస్తారు?" అని అడిగింది. ఆయమ్మ తెలుగులో చెప్పింది. అమ్మ బొగ్గు పెట్టె వెనక్కి చూపించింది. అక్కడ ఏడాది పొడుగునా తడి ఆరదు.

"ఎండలో వెయ్యాలి," అంది సిస్టరమ్మ.

"మగోళ్ళు తిరిగే సోటా?" అని మామ్మ లేచింది.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "పైన పల్సటి సీర కప్పుతాను. ఎండకి సీరడ్డమా?" అంది. ఆ వేసవికల్లా మా లైన్లో సగం తీగల మీద అలాంటి పల్చటి చీరలు కనిపించేవి. ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరికీ తెలుసు.

సిస్టరమ్మ వెళ్ళాక అసలు పంచాయితీ మొదలైంది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, మొహం మీద తువ్వాలు కప్పుకుని మంచం మీద పడుకుని ఉన్నాడు. మామ్మ గోడకి జారబడి తీర్పు చెప్పింది.

"మొదటిది దొంగతనంగా పోనాది. అది లెక్కలోకి రాదు. ఊరికి కబురెట్టి ఆకు తెప్పిద్దాం. ఆకొచ్చినాక వచ్చినదానికి కూకోబెడదాం."

"మరందాకా బడి?" అంది అమ్మ.

"ఆకు రాకుండా బడి మాన్పిస్తే లైనంతా ఏలని అడగదేటి? ఎల్లనీ. అందాకా ఎవలూ నోరెత్తకండి."

అంటే సంగతి దాచాలంటే నేను బడికి పోవాల్సిందే! దుప్పటి కింద నాకు నవ్వొచ్చింది. నాన్న తువ్వాలు కింద నిద్రపోతున్నాడనే మేం అనుకున్నాం.

మూడో శనివారం నేను చీటీ రాయలేదు. లేచి నిలబడి అడిగాను. "బొగ్గు లోపలికి వెళితే ఊపిరితిత్తులు ఏమవుతాయి?" సిస్టరమ్మ బోర్డు మీద సుద్దతో రెండు ఆకులు గీసి, వేలితో రుద్ది మసక చేసింది. పోయిన బొగ్గు తిరిగి రాదు, ఇంక పోకుండా ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమని చెప్పు, అంది. "ఈ వేళ ఏటి సెప్పారు?" అన్న నాన్నకి అదే చెప్పాను. మర్నాటి నుంచి ఆయన తువ్వాలు తడిపి ముక్కుకి చుట్టుకుని ఇంజనెక్కాడు. షెడ్డులో, "పెళ్ళికూతురొచ్చిందిరోయ్!" అని ఏడిపించారట. నెల తిరిగేసరికి ఇంకో నలుగురు పెళ్ళికూతుళ్ళు తయారయ్యారట.

నాలుగో శనివారం పిన్నీసు తీశారు.

ఎవరో కళ్ళు మూసుకున్నారు. నా పక్కది వేళ్ళ సందుల్లోంచి చూసింది. నేను రెండు కళ్ళూ పెట్టి చూశాను. ఇంతేనా అనిపించింది. పిడికిలంత సంచీ. రెండు పక్కలా రెండు సన్న కొమ్మలు. కొమ్మ చివర చిన్న ఉసిరికాయంత గుండు. నెలనెలా ఏది ఎక్కణ్ణుంచి బయలుదేరి ఎక్కడికి వస్తుందో, రాకపోతే ఏమవుతుందో, బండ్ల టైంటేబిలు చెప్పినట్టు చెప్పింది సిస్టరమ్మ. జబ్బూ కాదు, తప్పూ కాదు, అంది. నేను బొమ్మ అంతా వెతికాను. బడి మానెయ్యాలని అందులో ఎక్కడా లేదు. దీని కోసమా అప్ప సంచీలో మిరపకాయలు పోశారు?

ఆ సాయంత్రం వంటింట్లో నేల మీద బొగ్గుముక్కతో ఆ బొమ్మ అప్పకి గీసి చూపించాను. అది వంగి చాలాసేపు చూసింది.

"ఇది నాలోనూ ఉందేటే?"

"నీలో, నాలో, అమ్మలో. మామ్మలో కూడా ఉంది."

"మామ్మలోనా!" అని అప్ప నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది అలా నవ్వగా చూసి ఏడాదైంది. మామ్మ అడుగుల చప్పుడు వినిపించగానే పాదంతో తుడిచేసింది. కానీ ముందు బొమ్మ పక్కన వేలు పెట్టి కొలుచుకుంది. పిడికిలి ఎంతో చూసుకుంది.

తరవాత నెల వచ్చింది. ఆకు రాలేదు.

"రాలేదమ్మా," అన్నాడు నాన్న స్టేషన్ నుంచి వచ్చి. మామ్మ మళ్ళీ కబురు పెట్టించింది. ఆ పై నెలా రాలేదు. "తాటాకులకేటి కరువొచ్చింది ఊళ్ళో?" అని మామ్మ విసుక్కుంది. అమ్మ పప్పు రుబ్బుతూ తలెత్తకుండా, "రానీయండి, మెల్లగా వస్తాది," అంది. మూడో నెలా రాలేదు. ఇప్పపూల వాసన వచ్చే రోజులు వచ్చేశాయి. నాకు పరీక్షలు మొదలయ్యాయి. నేను బడికి పోతూనే ఉన్నాను, రహస్యం కాపాడటానికి.

ఇంక మామ్మ ఆగలేదు. కర్ర పట్టుకుని నన్ను వెంటేసుకుని తానే స్టేషనుకి వెళ్ళింది. మా వైపు గార్డు దిగగానే పట్టుకుంది.

"ఏటి బాబూ, ఒక తాటాకు తేలేకపోతన్నావు?"

గార్డు తెల్లబోయాడు. "అదేటి పెద్దమ్మా! గోనెలో సుట్టి తెమ్మంటే అలాగే మూడుసార్లు తెచ్చాను కదా. మీ వోడి సేతిలోనే పెట్టాను."

మామ్మ అటునుంచి అటే షెడ్డు గేటు దగ్గరికి నడిచింది. ఆ కర్ర చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గేటులోంచి చూస్తే, గోడ నీడన ఫైర్‌మన్లు కూర్చుని అన్నాలు తింటున్నారు. వాళ్ళ కింద మూడు తాటాకు చాపలు. ఒకటి పచ్చి వాడి పసుపెక్కింది. ఒకటి ఎండిపోయింది. మూడోది విరిగి ముక్కలైంది. మధ్యలో మా నాన్న, చేతిలో ముద్ద.

"ఏట్రా ఇది?"

నాన్న లేచి నిలబడ్డాడు. "ఆకు కాస్త వాడిపోయి వచ్చిందమ్మా. వాడినాకు మంచిది కాదు గదాని పక్కనెట్టాను."

"మూడూనా?"

"మూడూ."

పక్కనున్న ఫైర్‌మన్లు నవ్వాపుకోలేక అన్నం వైపు చూస్తున్నారు. మామ్మ కొడుకుని కాసేపు చూసింది, నన్ను చూసింది. "తిండి తిను. సల్లారిపోద్ది," అంది. నాలుగో ఆకుకి మాత్రం కబురు తానే పెట్టించుకుంది, బండి దగ్గరికి తానే వెళ్ళి దింపించుకుంది. అది వచ్చేసరికి నా ఆఖరి పరీక్ష అయి రెండు రోజులైంది.

నన్ను కూర్చోబెట్టారు. చిమ్మిలి దంచిన వాసన, పచ్చి తాటాకు వాసన, పేరంటాళ్ళ తల్లో కనకాంబరాలు. అప్ప నా పక్కనే కూర్చుని ఎవరూ చూడనప్పుడు నా పిడికిలి మూసి తన పిడికిలి పక్కన పెట్టి చూసేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ పదకొండు రోజులూ మగవాళ్ళు పిల్లని చూడకూడదు, తండ్రైనా. తొమ్మిదో రోజున పక్క క్వార్టరు పిల్ల రిజల్టు కాగితం పట్టుకొచ్చింది. దాని నోట్లో పచ్చి బియ్యానికి బదులు ఇప్పుడు వేయించిన శనగలున్నాయి.

కాసేపటికి తలుపు అవతల నాన్న గొంతు వినిపించింది.

"రిజల్టొచ్చిందట?"

"పాసయ్యాను నాన్నా."

"ఆ శనివారం క్లాసులోనూ?"

"దానికి మార్కులుండవు."

తలుపు అవతల ఒక దగ్గు.

"ఉండాల్సింది," అన్నాడు.

అంతే. నేను ఎనిమిదో క్లాసుకి వెళ్ళలేదు. నా సంచీ కూడా అప్ప సంచీ పక్కన మేకుకి ఎక్కింది. కానీ అందులో అమ్మ మిరపకాయలు పోయలేదు. నా పెళ్ళయి నేను వెళ్ళేదాకా అది ఖాళీగానే వేలాడింది. అమ్మ దాన్ని పండగలకి దులిపి మళ్ళీ తగిలించేది.

ఇప్పుడా షెడ్డు పొగ లేదు, వేస్టు లేదు, ఆ లైన్లు కూలగొట్టి మేడలు కట్టారు. నాన్న పోయి చాలా కాలమైంది. ఆకులు ఎందుకు దాచావని ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. నా చదువు కోసమా, లేకపోతే బడిలో ఇంకా ఏం చెబుతారో తనకీ వినాలని ఉందా? మూడు నెలలు ఎందుకు ఆపాడు, నాలుగో నెల ఎందుకు ఆపలేకపోయాడు? అప్పుడు నేను అడగని ప్రశ్న అదొక్కటే. దానికి డబ్బా ఎవరూ పెట్టలేదు.

కథ అయ్యేసరికి మా మనవరాలు గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. "సచ్చీ మామ్మా? ఇంజన్ తుడిచేదా?" అంది. రెండుసార్లు అంది. కలం నా చేతికిచ్చింది. నాకొచ్చిన అక్షరాలతో, తెలుగులో, వంకరటింకరగా నా పేరు పెట్టాను.

"అరె, ఇది తెలుగు! స్కూల్లో ఎవరూ చదవలేరు."

"సదవలేకపోతే పరవాలేదే. ఎవలో ఒకలు సదివించుకుంటార్లే."

శనివారం బడి వదిలే వేళకి ముందే మా ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎండ నెత్తి మీదికొచ్చినా లేవలేదు. సందు మలుపులో దాని నీలం సంచీ కనిపించింది. గేటు తీస్తూనే మొదలుపెడుతుందనుకున్నాను గానీ, నవ్వుతూ నిలబడింది, నేనే అడగాలని.

"ఈ వేళ ఏటి సెప్పారు?" అన్నాను.